వార్మింట్ వేటకు బోల్ట్ యాక్షన్ రైఫిల్: ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి

అమెరికాలోని దక్షిణ డకోటా, వయోమింగ్, మోంటానా పచ్చిక మైదానాల్లో ప్రెయిరీ డాగ్‌లను (కలుగుల్లో బతికే ఉడుత జాతి జంతువులు), పెన్సిల్వేనియా, ఒహాయో పొలాల్లో గ్రౌండ్‌హాగ్‌లను (అదే జాతిలో ఇంకా పెద్దవి), కాలిఫోర్నియా తోటల్లో నేల ఉడుతలను, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కొయోటీలను (నక్కను పోలిన అడవి కుక్కలు) కాల్చడాన్ని వార్మింట్ వేట అంటారు. ఇది చాలావరకు పశువుల మేతను, పంటను, గట్లను పాడుచేసే జంతువుల సంఖ్యను తగ్గించేందుకు భూమి యజమానుల అనుమతితో సాగే వేట. ఈ వేటకు రైఫిల్ కొనదలచినవారు దుకాణంలో ముందుగా అడిగేది ఏ కంపెనీ మంచిది, ఏ తూటా (తుపాకీ మందు, బుల్లెట్ కలిసి ఉన్నది) ఎక్కువ వేగంగా పోతుంది అని. ఈ రెండు ప్రశ్నలూ అవసరమైనవే గానీ, అవి రావలసిన చోటు చివర. ఏ జంతువును ఎంత దూరం నుంచి ఎలాంటి గాలిలో కాల్చాలి, అందుకు ఎలాంటి బుల్లెట్ కావాలి, ఆ బుల్లెట్‌ను ఏ బ్యారెల్ (తుపాకీ గొట్టం) నిలకడగా పంపగలదు అన్న వరుసలో ఆలోచిస్తే, మిగిలిన నిర్ణయాల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

లక్ష్యం ఎంత చిన్నదో ముందు చూద్దాం. నల్లతోక ప్రెయిరీ డాగ్ బరువు సుమారు ఒక కిలో. కలుగు ముందు వెనుక కాళ్లపై నిలబడినప్పుడు జానెడున్నర ఎత్తు, బెత్తెడు వెడల్పు ఉంటుంది. రైఫిల్ నిలకడను కొలిచే మినిట్ ఆఫ్ యాంగిల్ అన్న కొలత 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం, 300 గజాల దగ్గర సుమారు మూడు అంగుళాలు. జింక వేటకు వాడే మామూలు రైఫిల్ ఒకటిన్నర మినిట్ల పరిధిలో గుళ్లు వేస్తే ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే జింక ఛాతీలో ప్రాణం పోయే భాగం అంతకంటే ఎంతో పెద్దది. అదే రైఫిల్ 300 గజాల్లో నాలుగున్నర అంగుళాల వలయంలో గుళ్లను చెదరగొడుతుంది. ప్రెయిరీ డాగ్ శరీరం మొత్తం దానికంటే సన్నగా ఉంటుంది. కాబట్టి ఈ వేటకు ఒక మినిట్ లోపు, వీలైతే ముప్పావు మినిట్‌లో గుళ్లను పెట్టగల రైఫిల్ కావాలి. చిన్న జంతువు గాయంతో కలుగులోకి జారుకుని చావడం కంటే ఘోరం ఈ వేటలో మరొకటి లేదు కనుక, ఈ ప్రమాణాన్ని పోటీల షోకుగా గాక వేటగాడి కనీస బాధ్యతగా చూడాలని నా అభిప్రాయం.

బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి గుండుకూ బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి, ముందుకు నెట్టి తూటా ఎక్కించే రైఫిల్, ఇక్కడ ఎందుకు నిలిచిందో దీనివల్ల అర్థమవుతుంది. బోల్ట్ ముందు భాగంలోని బలమైన కొమ్ములు రిసీవర్‌లో (బోల్ట్ కదిలే లోహపు గూడులో) గట్టిగా తాళం పడతాయి. కాలుస్తున్న క్షణంలో కదిలే భాగాలు చాలా తక్కువ. ట్రిగ్గర్‌ను తేలికగా, శుభ్రంగా విడుదలయ్యేలా అమర్చుకోవచ్చు. తర్వాతి తూటాను తామే ఎక్కించుకునే ఏఆర్ తరహా సెమీ ఆటోమేటిక్‌లతో ఈ వేట చేసేవారూ అనేకులున్నారు, వాటిలోనూ చక్కని నిలకడ సాధ్యమే. కానీ అదే నిలకడ బోల్ట్ యాక్షన్‌లో తక్కువ ఖర్చుకు దొరుకుతుంది. ఒక్కొక్క గుండుకూ గాలిని చదివి, ఆగి, కాల్చే పద్ధతికి అది సహజంగా అమరుతుంది కూడా.

ఇక అసలు చిక్కు గాలి దగ్గర ఉంది. మైదానాల్లో గంటకు 10 మైళ్ల అడ్డగాలి మామూలు విషయం. .223 రెమింగ్టన్ అనే రకం తూటాలో 55 గ్రెయిన్ల (సుమారు మూడున్నర గ్రాముల) తేలికపాటి బుల్లెట్ సెకనుకు సుమారు 3,240 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. ఆ గాలిలో 300 గజాలు పోయేసరికి సుమారు 27 సెంటీమీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. అదే బుల్లెట్‌ను .22-250 రెమింగ్టన్ నుంచి 3,680 అడుగుల వేగంతో పంపితే ఆ పక్కచలనం సుమారు 23 సెంటీమీటర్లకు తగ్గుతుంది. వేగం పెంచి, ఎక్కువ మందు కాల్చి, బ్యారెల్‌ను మరింత వేడెక్కించి సంపాదించింది నాలుగు సెంటీమీటర్లు. ఇప్పుడు .223 లోనే 75 గ్రెయిన్ల పొడవాటి, మొన తేలిన బుల్లెట్‌ను 2,790 అడుగుల వేగంతో పంపి చూడండి: బయలుదేరేటప్పుడు అది మూడింటిలోనూ నెమ్మదైనది, అయినా 300 గజాల దగ్గర సుమారు 20 సెంటీమీటర్లే పక్కకు పోతుంది. పొడవుగా, సన్నగా ఉన్న బుల్లెట్ గాలిని తక్కువ నిరోధంతో చీల్చుకుంటూ తన వేగాన్ని నిలుపుకోవడమే దీనికి కారణం. బయలుదేరే వేగం ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. దారిలో ఎంత వేగం మిగిలిందన్నది మైదానంలో తెలుస్తుంది.

అలాగని 75 గ్రెయిన్ల బుల్లెట్ కొనేస్తే పని అయిపోదు. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు బుల్లెట్‌ను బొంగరంలా తిప్పుతాయి. ఆ తిరుగుడు చాలకపోతే బుల్లెట్ ఊగి, పక్కకు వాలి, కాగితంపై గుండ్రని రంధ్రానికి బదులు పొడవాటి చీలిక చేస్తుంది. గాడులు ఎన్ని అంగుళాల్లో ఒక పూర్తి చుట్టు తిరుగుతాయో చెప్పే లెక్కను ట్విస్ట్ అంటారు. 1:14 అంటే 14 అంగుళాలకు ఒక చుట్టు, 1:8 అంటే 8 అంగుళాలకు ఒక చుట్టు. ఇక్కడ బుల్లెట్ బరువు కంటే పొడవు ముఖ్యమని, పొడవు పెరిగేకొద్దీ ట్విస్ట్ వేగంగా (ఒక చుట్టుకు తక్కువ అంగుళాలు) ఉండాలని చెప్పే సూత్రాన్ని గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితవేత్త 1879లోనే ఇచ్చాడు. చిన్న లెక్క వేస్తే 3,200 అడుగుల వేగంతో 1:8 బ్యారెల్ నుంచి వెలువడే బుల్లెట్ నిమిషానికి 2,88,000 చుట్ల రేటున తిరుగుతూ ఉంటుంది. పొడవాటి బుల్లెట్‌కు ఇది ప్రాణం. పలుచని లోహపు తొడుగు ఉన్న కొన్ని వార్మింట్ బుల్లెట్లకు మాత్రం, మరీ వేగమైన ట్విస్ట్‌కు మరీ ఎక్కువ వేగం తోడైతే, ఇదే తిరుగుడు ప్రమాదం. అవి లక్ష్యం చేరకముందే గాలిలో విచ్ఛిన్నమవుతాయి. బుల్లెట్ పెట్టె మీద గరిష్ఠ వేగం రాసి ఉంటే దాన్ని తప్పక పాటించాలి.

ట్విస్ట్ ఎంపిక ఒక తూటా తలరాతనే మార్చిన ఉదంతం ఒకటుంది. 1955లో విన్‌చెస్టర్ కంపెనీ .243 విన్‌చెస్టర్‌ను, రెమింగ్టన్ కంపెనీ .244 రెమింగ్టన్‌ను దాదాపు ఒకేసారి విడుదల చేశాయి. రెండింటి బుల్లెట్ల వ్యాసం ఒకటే. రెమింగ్టన్ తన తూటాను ప్రధానంగా వార్మింట్ వేటకు ఉద్దేశించి, 75, 90 గ్రెయిన్ల బుల్లెట్లకు సరిపోయేలా 1:12 ట్విస్ట్ ఇచ్చింది. విన్‌చెస్టర్ 1:10 ఇచ్చి, వార్మింట్‌కు 80 గ్రెయిన్లు, జింకకు 100 గ్రెయిన్లు అని రెండు దారులూ తెరిచి ఉంచింది. ఒకే రైఫిల్‌తో రెండు వేటలూ చేయాలనుకున్న జనం .243 వైపు వెళ్లారు. 1963లో రెమింగ్టన్ అదే తూటాకు 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, 1:9 ట్విస్ట్‌తో మళ్లీ తెచ్చినా అప్పటికే ఆలస్యమైంది. .244 తూటాలో లోపమేమీ లేదు, దాని మందు సామర్థ్యం ప్రత్యర్థి కంటే కొంచెం ఎక్కువే. బ్యారెల్‌లోని మెలిక ఒక్కటే దాన్ని కూలదోసింది. నేడు పాత రైఫిల్ కొనేవారికి ఈ కథ నేరుగా పనికొస్తుంది, ఎందుకంటే .22-250 రైఫిళ్లు దశాబ్దాల పాటు 1:14 ట్విస్ట్‌తోనే వచ్చాయి. వాటిలో 55 గ్రెయిన్ల వరకు బుల్లెట్లు అద్భుతంగా పోతాయి, 75 గ్రెయిన్లవి నిలవనే నిలవవు. పాత .223 వార్మింట్ రైఫిళ్లలో 1:12 ఎక్కువ. ఇప్పుడు .223కు 1:9, 1:8 సాధారణం. టిక్కా టీ3ఎక్స్ వంటి రైఫిళ్లు 1:8తో వస్తున్నాయి. .22-250ని కూడా కొన్ని కంపెనీలు ఇటీవల వేగమైన ట్విస్ట్‌లతో ఇస్తున్నాయి.

బ్యారెల్‌పై ట్విస్ట్ రాసి లేకపోతే కొనేముందు కొలిచి చూసుకోవచ్చు. ముందుగా రైఫిల్‌లో తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకుని, బోల్ట్ బయటకు తీయాలి. పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే శుభ్రపరిచే కడ్డీకి బిగుతుగా ఉండే గుడ్డ ముక్క చుట్టి బ్యారెల్‌లోకి కొంత దూరం నెట్టాలి. కడ్డీ పైవైపున చిన్న టేపు జెండా అంటించి, ఆ జెండా నిటారుగా ఉన్నప్పుడు, కడ్డీ రిసీవర్‌లోకి దూరే చోట దానిపై ఒక గీత గీయాలి. నెమ్మదిగా నెడుతూ పోతే గాడులను పట్టుకుని కడ్డీ తిరుగుతుంది; జెండా ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ నిటారుగా నిలిచినప్పుడు, రిసీవర్ దగ్గర అదే చోట రెండో గీత గీసి, గీతల మధ్య దూరం కొలిస్తే అదే ట్విస్ట్. గుడ్డ జారితే లెక్క తప్పుతుంది కాబట్టి రెండుమూడు సార్లు కొలవాలి. పాత రైఫిల్ అమ్మే మనిషి దీనికి అభ్యంతరం చెబితే ఆ రైఫిల్‌ను వదిలేయడమే మంచిది.

వేగమైన ట్విస్ట్ వైపు మొగ్గడానికి మరొక కారణం సీసం. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి తుపాకీతో చేసే ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి, ఒకే బరువుకు రాగి బుల్లెట్ మరింత పొడవుగా ఉంటుంది. 1:14 బ్యారెల్‌లో చక్కగా పోయే బరువు రాగిలో ఊగిపోవచ్చు. చట్టం లేని రాష్ట్రాల్లోనూ దీన్ని ఆలోచించాలి. చచ్చిన ప్రెయిరీ డాగ్ మైదానంలోనే పడి ఉంటుంది, దాన్ని డేగలు, గద్దలు తింటాయి, ముక్కలైన సీసం వాటి కడుపులోకి చేరుతుంది. మనం గురిపెట్టని పక్షి మన గుండుకు చావడాన్ని ఏ లెక్కలోనూ సమర్థించలేం.

తూటాల జాబితా పొడవైనదే గానీ అవసరాలను బట్టి త్వరగా కుదించవచ్చు. 100 గజాల లోపు తోటలో నేల ఉడుతలకైతే .22 లాంగ్ రైఫిల్ గానీ, 2002లో హార్నడీ కంపెనీ తెచ్చిన .17 హెచ్ఎంఆర్ గానీ చాలు. రెండోదాని 17 గ్రెయిన్ల బుల్లెట్ 150 గజాల వరకు చదునుగా పోతుంది, ఆపైన గాలి దాన్ని ఆడిస్తుంది. 2004లో వచ్చిన .204 రూగర్ చాలా వేగమైనది, కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను చాలా తక్కువ, 300 గజాల లోపు ప్రెయిరీ డాగ్‌లకు ఇష్టంగా వాడేవారు ఎందరో. 1935 నాటి .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 4,000 అడుగుల వేగం దాటించి చరిత్ర సృష్టించింది. ఇప్పుడు దాని తూటాలు దొరకడమే కష్టం. కొయోటీ ప్రెయిరీ డాగ్ కంటే పది, పదిహేను రెట్లు బరువైన జంతువు, దానికి .22-250, .243 విన్‌చెస్టర్ భరోసా ఇస్తాయి, దగ్గర దూరాల్లో .223 కూడా సరిపోతుంది.

మొదటి వార్మింట్ రైఫిల్ కొనేవారు ఎవరైనా నన్ను అడిగితే 1:8 లేదా 1:9 ట్విస్ట్ ఉన్న .223 తీసుకోమంటాను. తూటాలు చౌక, ప్రతి ఊరి దుకాణంలోనూ దొరుకుతాయి, 40 నుంచి 75 గ్రెయిన్ల వరకు బుల్లెట్ల వైవిధ్యం మరే తూటాలోనూ అంత సులభంగా లభించదు. ఒక మెళకువ మాత్రం గుర్తుంచుకోవాలి. 75 గ్రెయిన్ల పోటీ బుల్లెట్లు కాగితపు లక్ష్యాల కోసం చేసినవి, నేలను తాకినప్పుడు ముక్కలు కాకుండా ఎగిరి దూరం పోయే అవకాశం ఎక్కువ. పలుచని తొడుగు వార్మింట్ బుల్లెట్లు తాకిన చోటనే చిట్లిపోతాయి కాబట్టి చదునైన నేలపై అవి మరింత సురక్షితం. అవి కూడా ఒక్కోసారి ఎగురుతాయి. వెనుక మట్టి గట్టు గానీ, వాలు గానీ లేకుండా ఏ బుల్లెట్‌నూ వదలకూడదు. పూర్తి లోహపు తొడుగు ఉన్న చౌక తూటాలను ఈ వేటకు అసలు తేకూడదు. అందుకే నేను 300 గజాల లోపు తేలికపాటి వార్మింట్ బుల్లెట్‌కే ఓటేస్తాను. వేగమైన ట్విస్ట్ విలువ ఏమిటంటే, రేపు పొడవాటి రాగి బుల్లెట్ కావలసి వచ్చినా బ్యారెల్ మార్చనక్కర లేదు.

బ్యారెల్ మందం దగ్గర ఒక అపోహ పాతుకుపోయింది: మందపాటి బ్యారెల్ త్వరగా చల్లారుతుందని. నిజానికి అది నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగానే చల్లారుతుంది. లోహం ఎక్కువ కాబట్టి ఒక్కో గుండుకు పెరిగే ఉష్ణోగ్రత తక్కువ. కాబట్టి గురి తప్పకముందు ఎక్కువ గుళ్లు కాల్చవచ్చు. మందం పెరిగితే బిరుసుదనం కూడా బాగా పెరుగుతుంది. ప్రెయిరీ డాగ్‌ల కాలనీ ముందు కూర్చున్నవారు ఒక్క పూటలో వంద గుళ్లు కాల్చడం అరుదు కాదు. సన్నటి బ్యారెల్ వేడెక్కితే గురి జరగడమే గాక, దానిపై లేచే వేడి గాలి స్కోప్‌లో (గురి చూసే దుర్భిణిలో) బొమ్మను అలలు అలలుగా కదిలిస్తుంది. .22-250లో మందు సుమారు 35 గ్రెయిన్లు, .223లో సుమారు 25; రెండూ ఒకే వ్యాసం గల రంధ్రం గుండా మండుతాయి. తూటా గదిని దాటిన వెంటనే గాడులు మొదలయ్యే చోటు ఆ మంటకు కాలి పగుళ్లు తీస్తుంది. బ్యారెల్ ఆయుష్షు తేలేది అక్కడే. చేయి వేసి రెండు మూడు క్షణాలు కూడా ఉంచలేనంత వేడిగా ఉంటే ఆపి, బోల్ట్ తెరిచి ఉంచి చల్లారనివ్వాలి. ఈ వేటకు రెండు రైఫిళ్లు తీసుకెళ్లి మార్చి మార్చి కాల్చేవారు ఉండడానికి కారణమదే.

బరువుకు ఇంకో లాభం ఉంది, దాన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు. స్కోప్ లేకుండానే 4 కిలోల చుట్టూ ఉండే .223 రైఫిల్ తన్ను దాదాపు ఉండదు కాబట్టి, కాల్చినవాడు స్కోప్‌లోంచి చూపు కదలకుండా తన బుల్లెట్ ఎక్కడ పడిందో తానే చూడగలడు. కలుగు ఎడమవైపు అరచేయి దూరంలో దుమ్ము లేస్తే గాలి తాననుకున్నదానికంటే ఎక్కువని వెంటనే తెలుస్తుంది, తర్వాతి గుండును అంతమేరకు సరిదిద్దుకోవచ్చు. తేలికైన రైఫిల్‌లో, ఎక్కువ తన్ను గల తూటాతో ఆ క్షణం పైకి లేచిన స్కోప్‌లో పోతుంది. కొయోటీ వేట మాత్రం వేరు. అక్కడ మైళ్ల కొద్దీ నడిచి, ఒక పొద చాటున కూర్చుని జంతువు అరుపును పోలిన పిలుపు ఊది, మూడు నాలుగు గుళ్లకు మించి కాల్చే అవసరం రాదు. ఆ పనికి 4 కిలోల రైఫిల్ భారం; మధ్యస్థ మందం బ్యారెల్‌తో, రూగర్ అమెరికన్ ప్రెడేటర్ తరహా తేలిక రైఫిల్ న్యాయం.

మిగిలిన విషయాలు త్వరగా చెప్పవచ్చు. ట్రిగ్గర్ రెండు నుంచి మూడు పౌండ్ల ఒత్తిడితో, వణుకు గానీ గీరుడు గానీ లేకుండా విడుదల కావాలి. సావేజ్ కంపెనీ 2000ల ఆరంభంలో తెచ్చిన అక్యుట్రిగ్గర్ చౌక రైఫిళ్లలోనూ ఈ సౌకర్యాన్ని సాధారణం చేసింది. బ్యారెల్ దాని కింద ఉండే స్టాక్‌ను (భుజానికి ఆనించే రైఫిల్ భాగాన్ని) ఎక్కడా తాకకూడదు: మడిచిన కాగితం నోటు రెండింటి మధ్య రిసీవర్ వరకు జారాలి. స్కోప్‌లో పారలాక్స్ (కన్ను కదిలితే గురి గీత లక్ష్యంపై జరిగినట్టు కనిపించడం) సరిదిద్దుకునే అమరిక తప్పనిసరి. 25 రెట్లు పెద్దది చేసే స్కోప్ ఎండ ఎక్కాక నేల వేడికి లేచే ఎండమావినీ అన్ని రెట్లు పెద్దది చేస్తుంది కాబట్టి, 4 నుంచి 16 రెట్ల స్కోప్ చాలామందికి సరిపోతుంది. పాత రెమింగ్టన్ 700 కొనేవారు ఒక విషయం చూసుకోవాలి: 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారై, ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను కంపెనీ 2014లో మరమ్మతు కోసం వెనక్కి పిలిచింది. ఆ మరమ్మతు జరిగిందో లేదో తెలియకుండా కాల్చకూడదు.

అమెరికాలోని తెలుగువారు రైఫిల్ ధర కంటే ముందు తెలుసుకోవలసింది తమ వీసా స్థితి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి వీసాలపై ఉన్నవారు సాధారణంగా తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ తీరుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు వీటిపై మరికొన్ని షరతులు చేరుస్తాయి, తప్పు జరిగితే వలస స్థితికే ముప్పు కాబట్టి ఈ ఒక్క విషయంలో న్యాయవాదికి ఇచ్చే రుసుము వృథా కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పంటలపై పడే అడవి పందుల సమస్య దీనికి పూర్తిగా వేరు; అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1959 ఆయుధాల చట్టం వర్తిస్తాయి, అధికారుల అనుమతి లేకుండా తుపాకీ ఎత్తే ప్రశ్నే లేదు.

అమెరికాలోనూ కనిపించిన ప్రతి ప్రెయిరీ డాగ్ కాల్చదగినది కాదు. యూటా ప్రెయిరీ డాగ్ ఫెడరల్ రక్షణలో ఉంది. నల్లకాళ్ల ఫెరెట్ అనే అరుదైన జంతువు ప్రెయిరీ డాగ్‌లనే తిని, వాటి కలుగుల్లోనే బతుకుతుంది. అంతరించిందనుకున్న దాన్ని 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర మళ్లీ కనుగొన్నారు. దక్షిణ డకోటాలోని కొనాటా బేసిన్‌లో దాన్ని తిరిగి వదిలినందున, అక్కడి ప్రభుత్వ భూముల్లో ప్రెయిరీ డాగ్‌ల కాల్పులపై నిషేధం ఉంది. వెళ్లబోయే చోటి నిబంధనలను ఆ ఏటివి చదువుకుని, ప్రైవేటు భూమైతే యజమాని అనుమతి ముందే తీసుకోవాలి.

రైఫిల్ ఇంటికి వచ్చాక మూడు నాలుగు రకాల తూటాలు ఒక్కో పెట్టె కొని, 100 గజాల దగ్గర కాగితంపై ఐదేసి గుళ్ల చొప్పున, ప్రతి ఐదింటికీ బ్యారెల్ చల్లారనిచ్చి, కనీసం రెండుసార్లు కాల్చి చూడాలి. ఒకే మోడల్‌లోని రెండు బ్యారెళ్లు కూడా ఒకే తూటాను ఇష్టపడవు. అన్నింటికంటే దగ్గరగా గుళ్లను పెట్టిన రకం దొరికాక, పెట్టె అంచున ముద్రించిన లాట్ నంబరు (ఏ విడతలో తయారయ్యాయో చెప్పే సంఖ్య) చూసి, అదే నంబరు పెట్టెలు సీజనుకు సరిపడా ఒకేసారి కొనుక్కోవాలి. లాట్ మారితే గురిని మళ్లీ సరిచూడాలి.